ఇల్లు, ఉపాధి, లాభాపేక్ష లేని పెట్టుబడి: ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల అనుభవం

వాటాదారులకు లాభం పంచడం ప్రధాన లక్ష్యం కాని సంస్థలు, అంటే ధర్మనిధులు, సొసైటీలు, పరస్పర సహాయ సహకార సంఘాలు, మహిళా సమాఖ్యలు, ఇవి నెలకొల్పిన ఆర్థిక సంస్థలు, పేదల ఇళ్ల కోసమూ స్థానిక ఉపాధి కోసమూ పెట్టే సొమ్మును లాభాపేక్ష లేని పెట్టుబడి అంటారు. దానంగా ఇచ్చిన సొమ్ము ఇచ్చిన చోటే ఖర్చయిపోతుంది. పెట్టుబడిగా పెట్టినది మాత్రం కనీసం అసలైనా తిరిగి వచ్చి మరో కుటుంబం చేతికి చేరాలన్న షరతు మీద నడుస్తుంది. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతమైన ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇటువంటి సొమ్ము నేరుగా ఇటుక మీద, సిమెంటు మీద పడింది తక్కువే. ఇక్కడ ఇల్లు ప్రభుత్వ పథకంగానూ, ఉపాధి సంఘాల, స్వచ్ఛంద సంస్థల పనిగానూ వేర్వేరు దారుల్లో నడిచాయి. అయితే కుటుంబం లెక్కలో ఆ రెండూ ఒకే ఖాతా కాబట్టి, బర్రె మీదో మగ్గం మీదో వేరుశనగ మీదో తీసుకున్న అప్పు చాలా ఇళ్లలో గోడగానో స్లాబుగానో తేలింది. ఈ ప్రాంతపు గృహ చరిత్రను పథకాల జాబితాగా చదివితే సగమే అర్థం కావడానికి కారణం ఇదే.

నేల, వలస, కప్పు

ఉమ్మడి నల్గొండ 2016 అక్టోబరు 11న నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ అదే రోజున మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలుగా చీలగా, 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట కూడా జిల్లా అయింది. కొడంగల్, షాద్‌నగర్ వైపు మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. దక్షిణపు అంచున కృష్ణా నది పారుతున్నా, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలను, జూరాల ఆయకట్టును మినహాయిస్తే మిగిలినది చాలావరకు గ్రానైటు రాతి మీద పలుచగా పరచుకున్న ఎర్ర చెలక నేల. ఏడాది సగటు వర్షపాతం సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అది కూడా ఏ నెలలో ఎంత కురుస్తుందో చెప్పలేని తీరు. ఆముదం, జొన్న, వేరుశనగ, కంది వంటి పంటలు ఆ వాన మీదే ఆధారపడినవి. నల్గొండ జిల్లా బావి నీళ్లలోని ఫ్లోరైడు మర్రిగూడ వైపు గ్రామాల్లో తరాల తరబడి ఎముకలను వంచింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970ల్లో రూపొందించి దానికి నల్గొండ పద్ధతి అని పేరు పెట్టింది. మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల గ్రామాలకు తాగునీటి పథకాన్ని శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు తన నిధులతో నిర్మించింది. ఈ మెట్టలో నివాసయోగ్యమైన ఇల్లు అనే మాటకు కప్పుతోపాటు కుండలో నీళ్లు కూడా అర్థం కాబట్టి, ఆ ఖర్చును గృహ పెట్టుబడి నుంచి వేరు చేసి చూడలేము.

ఇళ్ల తీరు నేలను బట్టి మారుతూ వచ్చింది. పడమట తాండూరు, కోస్గి దిక్కున నాపరాతి బండలే గోడలు, బండలే కప్పు. ఊళ్ల నడుమ మట్టిగోడల మిద్దెలు, పెంకుటిళ్లు. దేవరకొండ తండాల్లోనూ ఊరి చివరి వాడల్లోనూ గడ్డి, తాటాకు గుడిసెలు ఉండేవి. పాలమూరు (మహబూబ్‌నగర్ పాత పేరు) లేబర్ అన్న పేరుతో దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, రోడ్లు వేసిన మట్టిపని కూలీలు ఈ గుడిసెల నుంచే బయలుదేరారు. గుంపు మేస్త్రీ ఊరికి వచ్చి ఒక్కో జంటకు ముందుగా కొంత సొమ్ము ఇస్తాడు. ఆ అడ్వాన్సు తీరే దాకా ఆ జంట అతను చూపిన చోట పనిచేయాలి. నారాయణపేట, కొడంగల్ ప్రాంతాల నుంచి బొంబాయికి, పూణేకు సాగిన వలస మరో పాయ. పెద్దలను, పిల్లలను ఇంటి దగ్గర వదిలి వెళ్లినవారు ఏటా తిరిగొచ్చినప్పుడు మిగిలిన సొమ్ముతో ఒక ఏడు పునాది, మరో ఏడు గోడలు లేపుకునేవారు. స్లాబు మీద నుంచి పైకి పొడుచుకువచ్చి తుప్పు పట్టిన ఇనుప చువ్వలు ఈ ఊళ్లలో ఇప్పటికీ కనబడతాయి. పై అంతస్తు మీది ఆశతో వదిలిన ఆ చువ్వలు నిజానికి వాయిదాల్లో సాగే గృహనిర్మాణానికి గుర్తులు. వేరే చోట్ల బ్యాంకు ఇచ్చే గృహరుణానికి బదులుగా ఇక్కడ పనిచేసింది మేస్త్రీ అడ్వాన్సే అంటే అతిశయోక్తి కాదు, కాకపోతే దానికి వడ్డీ ఒంటితో కట్టవలసి వచ్చేది.

బ్యాంకులు దూరంగా ఉండటానికి మరో కారణం గ్రామకంఠం. ఊరి నివాస స్థలమంతటినీ కలిపి రెవెన్యూ రికార్డుల్లో గ్రామకంఠంగా చూపుతారు. అందులో ఏ ఇల్లు ఎవరిదో చెప్పే పట్టా సాధారణంగా ఉండదు. తాతల నాటి నుంచి కాపురం ఉంటున్నా కుదువ పెట్టడానికి కాగితం లేనందువల్ల, ఆస్తి తాకట్టు మీద నడిచే గృహరుణ వ్యవస్థ ఊళ్లోకి రాలేదు. ఆ ఖాళీలోకి వచ్చినవి తాకట్టుకు బదులు మనుషుల పూచీని అంగీకరించిన సంస్థలు.

చట్టం గీసిన గట్లు

అమెరికాలో, బ్రిటన్‌లో లాభాపేక్ష లేని సంస్థలే పేదలకు ఇళ్లు కట్టి అద్దెకిచ్చే సంప్రదాయం పాతది; లండన్‌లో పీబాడీ నిధి 1862 నుంచి ఆ పని చేస్తున్నది. అమెరికాలో 1977 నాటి చట్టం బ్యాంకులు తమ చుట్టుపక్కల పేటలకు కూడా అప్పులివ్వాలని నిర్దేశించగా, 1986లో తెచ్చిన పన్ను రాయితీ తక్కువ ఆదాయాల వారి అద్దె ఇళ్లలోకి ప్రైవేటు పెట్టుబడిని మళ్లించింది. ఫోర్డ్ ఫౌండేషన్ 1968 నుంచి గ్రాంట్లతోపాటు, తిరిగి చెల్లించవలసిన తక్కువ వడ్డీ రుణాలను కూడా తన సామాజిక లక్ష్యాల కోసం ఇవ్వసాగింది. భారతదేశంలో ఆ దారి ఇరుకు. ధర్మనిధుల సొమ్మును ఎక్కడెక్కడ పెట్టవచ్చో 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 11(5) సెక్షన్ కట్టుదిట్టంగా నిర్ణయించింది. ఒక ట్రస్టు తన నిధిని పల్లెలోని చిన్న వ్యాపారంలో వాటాగా పెట్టాలంటే పన్ను మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. విదేశీ విరాళాలపై 1976 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ అందుకున్న విదేశీ సొమ్మును మరో సంస్థకు బదలాయించే వీలు కూడా పోయింది.

అందుకని ఇక్కడి సంస్థలు రెండు కాళ్ల మీద నడవడం నేర్చుకున్నాయి. శిక్షణ, సంఘాల నిర్మాణం వంటి పనులకు సొసైటీనో, కంపెనీల చట్టంలోని 25వ సెక్షన్ కింద (2013 చట్టంలో అది 8వ సెక్షన్ అయింది) లాభం పంచని కంపెనీనో పెట్టుకుని, అప్పులివ్వడానికి పక్కనే వేరే ఆర్థిక సంస్థను నెలకొల్పాయి. మూడో మార్గం సహకారం. ప్రభుత్వ జోక్యం లేకుండా సభ్యులే నడుపుకునే సంఘాలకు 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చోటిచ్చింది. వ్యాపారంతోపాటు ఇటువంటి సంఘాలు కుటుంబ ఆదాయానికి ఒక క్రమం తెచ్చాయి. నల్గొండ, రంగారెడ్డి పాల ఉత్పత్తిదారుల యూనియన్ ఈ చట్టం కింద నడిచేదే. చెలక పంట ఏడాదికొకసారి, అదీ వస్తే, డబ్బు చూపిస్తుంది. పాల డబ్బు పదిహేను రోజులకోసారి చేతికి అందుతుంది. వాయిదా కట్టవలసిన అప్పుకు కావలసింది ఆ రెండో రకం రాబడి.

భూదానం: దానం నుంచి మొదలైన కథ

ఈ ప్రాంతంలో స్వచ్ఛంద సొమ్ము, లేదా స్వచ్ఛంద ఆస్తి, పేదల చేతికి మారిన మొదటి పెద్ద ఘట్టం పోచంపల్లిలో జరిగింది. తెలంగాణ సాయుధ పోరాటపు వేడి ఇంకా చల్లారని 1951లో, హైదరాబాదు శివారు శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం తర్వాత పాదయాత్ర సాగించిన వినోబా భావే ఏప్రిల్ 18న పోచంపల్లి చేరినప్పుడు, అక్కడి 40 దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని అడగగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని సభలోనే ప్రకటించారు. అక్కడి నుంచి దేశమంతా పాకిన ఉద్యమం వల్ల ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయింది. 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన, గ్రామదాన చట్టం వచ్చి, భూదాన యజ్ఞ బోర్డు ద్వారా పంపకాలు సాగాయి.

భూదానాన్ని గృహ, ఉపాధి పెట్టుబడితో కలిపి చూసినప్పుడు దాని బలహీనత కూడా కనబడుతుంది. భూమి ఇచ్చారు గాని దాన్ని సాగులోకి తెచ్చే ఎద్దులకు, బావికి, విత్తనానికి, నిలువ నీడకు కావలసిన పెట్టుబడి ఆ వెంట రాలేదు. హైదరాబాదు పెరిగిన కొద్దీ నగరం చుట్టుపక్కలి భూదాన భూములు వ్యాజ్యాల్లో చిక్కాయి. మరో నాలుగున్నర దశాబ్దాలకు, 1995లో, అదే పోచంపల్లి పక్కన జలాల్‌పురంలో స్థాపితమైన స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ భూమి బదులు చేతిపని శిక్షణను ఎంచుకుంది: కరెంటు పని, కుట్టుపని, యంత్రాల మరమ్మతు వంటివి నేర్పి గ్రామీణ యువతను పనుల్లో పెట్టడం దాని ఉద్దేశం.

ప్రభుత్వ ఇల్లు, ఇంటివారి వాటా

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 1983 తర్వాత బలహీన వర్గాల పక్కా ఇళ్ల కార్యక్రమం పెద్ద ఎత్తున సాగింది. కేంద్రం 1985-86లో ఇందిరా ఆవాస్ యోజనను మొదలుపెట్టింది. 2006లో ఇందిరమ్మ కార్యక్రమం ఊళ్లను విడతలవారీగా ఎంచుకుని అర్హులందరికీ ఇళ్లు మంజూరు చేయాలని తలపెట్టింది. అందులో కట్టని ఇళ్లకు బిల్లులు ఎత్తారన్న ఆరోపణలపై రాష్ట్ర విభజన తర్వాత 2014లో తెలంగాణ ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది. తర్వాత వచ్చిన డబుల్ బెడ్‌రూం పథకంలో 560 చదరపు అడుగుల ఇంటిని ప్రభుత్వమే గుత్తేదారుచేత కట్టించి ఇచ్చింది. గ్రామాల్లో యూనిట్ ఖర్చు 5.04 లక్షల రూపాయలు. లబ్ధిదారు రూపాయి పెట్టనక్కర లేకపోవడం దాని గొప్ప, ఆ ధరకు గుత్తేదార్లు ముందుకు రాక చాలా ఊళ్లలో ఆలస్యం కావడం దాని లోపం. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం మళ్లీ పాత దారికి వచ్చి, సొంత స్థలంలో లబ్ధిదారు తానే కట్టుకుంటే 5 లక్షలు సాయం చేస్తానంది. 2025 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా అప్పక్‌పల్లిలో ముఖ్యమంత్రి ఈ ఇళ్లకు శంకుస్థాపన చేశారు.

ఈ సాయం ఒకేసారి చేతికి రాదు. బేస్‌మెంటు లేచాక లక్ష, ఆ తర్వాత గోడలకు, స్లాబుకు, పూర్తయ్యాక మిగిలినది అని నాలుగు విడతలుగా, ఫొటో తీసి అధికారులు ధ్రువీకరించిన మీదట ఖాతాలో పడుతుంది. ఈ కట్టుబాటు వెనక 2006 అనుభవం ఉంది, దాన్ని తప్పుపట్టలేము. అయినా దాని ఫలితం ఏమిటంటే, మొదటి లక్ష అందడానికి ముందే గుంత తవ్వించి, రాయి, ఇసుక, చువ్వ, సిమెంటు తెచ్చి, మేస్త్రీ కూలి ఇచ్చి బేస్‌మెంటు లేపగలిగిన కుటుంబానికే పథకం కదులుతుంది. చేతిలో ఏమీ లేని వారికి, అంటే పథకం ఎవరి కోసమో వారికి, తొలి మెట్టే ఎత్తైనది. దీన్ని గుర్తించి ప్రభుత్వం ఇల్లు మొదలుపెట్టలేని వారికి మహిళా సంఘాల ద్వారా లక్ష రూపాయల దాకా అప్పు ఇప్పించే ఏర్పాటు చేసింది. రాష్ట్ర పథకానికి సంఘం సొమ్ము ఈ విధంగా మొదటి ఇటుక అయింది. ఎన్నో ఏళ్లుగా అనధికారికంగా జరుగుతున్నదే ఇప్పుడు ఉత్తర్వుగా వచ్చిందని చెప్పవచ్చు.

సంఘాల సొమ్ము

ఆ సంఘాలకు మహబూబ్‌నగర్ జిల్లా ఒక రకంగా ప్రయోగశాల. ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 1990ల ద్వితీయార్ధంలో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమాన్ని అనంతపురం, కర్నూలు జిల్లాలతోపాటు మహబూబ్‌నగర్‌లో చేపట్టి, పొదుపు సంఘాలను గ్రామ స్థాయిలోనూ మండల స్థాయిలోనూ సమాఖ్యలుగా పేర్చవచ్చునని చూపింది. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు పేరిట మొదలైన ప్రాజెక్టు తొలి ఆరు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. నల్గొండ తర్వాతి దశలో చేరింది. దాన్ని నడపడానికి ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, వాడుకలో సెర్ప్, కాగితం మీద సొసైటీ, అధికారులు, నిధులు మాత్రం ప్రభుత్వానివి. స్వచ్ఛంద సంస్థ అనాలో సర్కారు శాఖ అనాలో తేల్చలేని ఈ మిశ్రమ స్వభావమే దానికి విస్తృతినీ, ఎన్నికల గాలికి ఊగే గుణాన్నీ రెండింటినీ ఇచ్చింది.

పది, పదిహేను మంది మహిళల సంఘం, సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం, దాని పైన మండల, జిల్లా సమాఖ్యలు: సొమ్ము ఈ మెట్ల మీదుగా కిందికి దిగుతుంది, వాయిదాలై పైకి ఎక్కుతుంది. ప్రాజెక్టు నుంచి మండల సమాఖ్యకు వచ్చిన సామాజిక పెట్టుబడి నిధిని, అందరూ పలికే పేరులో సీఐఎఫ్‌ను, సమాఖ్య గ్రామైక్య సంఘానికి, అది సంఘానికి, సంఘం సభ్యురాలికి అప్పుగా ఇస్తాయి. వసూలైన అసలు ఊళ్లోనే తిరుగుతుంది. నెలనెలా బియ్యం మొత్తంగా కొని సభ్యులకు అప్పుగా ఇవ్వడం, కిరాణా దుకాణం ధరకు, టోకు ధరకు ఉన్న తేడాను ఇంటికి మిగల్చడం వంటి పనులు కూడా ఈ సంఘాలే చేశాయి. 2011లో ఏర్పడిన స్త్రీనిధి సహకార పరపతి సమాఖ్య బ్యాంకు చుట్టూ తిరగనక్కర లేకుండా అప్పును వేగంగా సంఘానికి చేర్చే మార్గమైంది. నల్గొండ, సూర్యాపేట వరి ప్రాంతాల్లో ధాన్యం కొనుగోలు కేంద్రాలను గ్రామైక్య సంఘాలు నడపడం వల్ల కమీషను రూపంలో వాటికి సొంత రాబడి ఏర్పడింది. వెలుగుకు తర్వాత పెట్టిన ఇందిరా క్రాంతి పథం అన్న పేరు ప్రభుత్వ పత్రాల్లో మారిపోయి ఏళ్లు గడిచినా రైతుకు అది ఇప్పటికీ ఐకేపీ సెంటరే. 2025 ఫిబ్రవరిలో నారాయణపేటలో జిల్లా మహిళా సమాఖ్య నిర్వహణలో పెట్రోలు బంకు తెరవడం ఈ వరుసలో కొత్త అడుగు.

సంఘం పుస్తకంలో అప్పు కారణం రాయాలి. పాడి, కిరాణా, కుట్టుమిషన్, వ్యవసాయం అని రాస్తారు. ఇల్లు అని రాస్తే ఆదాయం తెచ్చే పని కాదని పక్కన పెట్టే రోజులుండేవి కాబట్టి, బర్రె పేరిట తీసుకున్నది స్లాబుకు పోవడం, స్లాబు పేరిట వచ్చిన సర్కారు విడత బర్రె వాయిదాకు పోవడం మామూలైంది. దీన్ని నిధుల మళ్లింపు అని తప్పుపట్టడం కన్నా, సరైన పేరున్న అప్పు లేకపోవడాన్ని తప్పుపట్టడం మేలు. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు 1984 నుంచే ఇంటిని ఇంటిగానే గుర్తించి అప్పిచ్చింది. ఇంటి స్థలం స్త్రీ పేర ఉండాలన్న షరతు పెట్టింది. ఆ కార్యక్రమానికి 1989లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం దక్కింది. అహ్మదాబాదులో సేవా సంఘం 1994లో మహిళా హౌసింగ్ ట్రస్టును నెలకొల్పింది. తెలుగు నేలలో హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ భారత శాఖ 1983లో పొరుగున ఉన్న ఖమ్మంలో మొదలైంది. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ పెద్ద సంఖ్యలో ఇళ్లు కట్టి మహిళల పేర రాయించింది. పాలమూరు, నల్గొండలలో అంత పరిమాణంలో నేరుగా ఇళ్లు కట్టిన స్వచ్ఛంద సంస్థ ఎదగలేదు. ఇక్కడి ప్రయోగాలన్నీ ఉపాధి దిక్కునే మొగ్గాయి.

బేసిక్స్, కృష్ణా భీమా సమృద్ధి బ్యాంకు

వాటిలో లోతైనది బేసిక్స్ సంస్థల సముదాయం. ప్రదాన్ అనే స్వచ్ఛంద సంస్థ స్థాపకుల్లో ఒకరైన విజయ్ మహాజన్ 1996లో హైదరాబాదు కేంద్రంగా దీన్ని ప్రారంభించారు. పైన చెప్పిన రెండు కాళ్ల నడకకు ఇది చక్కని ఉదాహరణ: సాంకేతిక సాయానికి, సంఘాల శిక్షణకు లాభం పంచని ఇండియన్ గ్రామీణ్ సర్వీసెస్, అప్పులకు భారతీయ సమృద్ధి ఫైనాన్స్ అనే బ్యాంకింగేతర ఆర్థిక సంస్థ. మొదటి పెట్టుబడి ఫోర్డ్ ఫౌండేషన్, స్విస్ అభివృద్ధి సంస్థ, సర్ రతన్ టాటా ట్రస్టుల నుంచి దీర్ఘకాలిక రుణాలుగా వచ్చింది. 2001లో వాటాలు తీసుకున్న వారిలో షికాగో నగరపు షోర్‌బ్యాంక్ ఉంది. 1973లో మొదలైన ఆ బ్యాంకు షికాగో దక్షిణ పేటల్లో పాడుబడిన అపార్ట్‌మెంట్లను బాగుచేసే చిన్న గుత్తేదార్లకు అప్పులిచ్చి, ఇంటినీ స్థానిక వ్యాపారాన్నీ ఒకే లెక్కగా చూసిన సంస్థ. ఆ దృష్టి పాలమూరు చెలకల దాకా రావడం చిత్రమే గాని, ఇక్కడికి వచ్చేసరికి ఇంటి భాగం వెనక్కి పోయి ఉపాధి భాగమే మిగిలింది.

హెచ్.డి. దేవెగౌడ ప్రభుత్వం 1996లో ప్రకటించిన లోకల్ ఏరియా బ్యాంకు పథకం ప్రకారం, 5 కోట్ల రూపాయల కనీస మూలధనంతో, ఒకదానికొకటి ఆనుకున్న మూడు జిల్లాల్లో మాత్రమే పనిచేసే ప్రైవేటు బ్యాంకు పెట్టవచ్చు. బేసిక్స్ మహబూబ్‌నగర్ కేంద్రంగా, కర్ణాటకలోని రాయచూరు, గుల్బర్గా జిల్లాలను కలుపుకుని కృష్ణా భీమా సమృద్ధి బ్యాంకును 2001లో ప్రారంభించింది. రెండు నదుల పేర్లు పెట్టుకున్న ఈ బ్యాంకు పనిచేసింది మాత్రం ఆ నదుల నీరు ఎక్కని మెట్టల్లో. అప్పులివ్వడానికి మాత్రమే అనుమతి ఉన్న ఆర్థిక సంస్థలా కాక, ఇది డిపాజిట్లు కూడా తీసుకోగలదు. అంటే ఊళ్లో పోగైన సొమ్ము నగరానికి తరలిపోకుండా ఊళ్లోనే అప్పుగా తిరిగే వీలుంది. దేశంలో మొదలైన కొద్దిపాటి లోకల్ ఏరియా బ్యాంకుల్లో కొన్ని మూతబడ్డాయి, పంజాబులోని క్యాపిటల్ బ్యాంకు 2016లో స్మాల్ ఫైనాన్స్ బ్యాంకుగా మారింది. పాలమూరు బ్యాంకు మాత్రం చిన్నదిగానే నిలదొక్కుకుంది.

2001లో బేసిక్స్ తన ఖాతాదార్ల మీద అధ్యయనం చేయించుకోగా, సుమారు సగం మందికే రాబడి పెరిగినట్టు, దాదాపు నాలుగో వంతు మందికి మార్పు లేనట్టు, మిగిలిన నాలుగో వంతుకు తగ్గినట్టు తేలింది. వసూళ్లు బాగున్నంతలో పని బాగున్నట్టే అనుకునే రంగంలో ఒక సంస్థ ఇటువంటి ఫలితాన్ని బయటపెట్టడం అరుదు. దాని మీదట ఉపాధి త్రయం అన్న విధానం రూపొందింది: అప్పు, పొదుపు, బీమాలు ఒక కాలు; పంట, పశువుల మీద సాంకేతిక సలహా, మార్కెట్ సాయం రెండో కాలు; ఉత్పత్తిదారుల సంఘాలను నిలబెట్టడం మూడోది. రుణమొక్కటే పేదరికానికి మందు కాదన్న సంగతి ఆ తర్వాతి దశాబ్దంలో అందరికీ తెలిసివచ్చింది గాని, పాలమూరు లెక్కలు ముందే చెప్పాయి.

బీమా కాలు మీద జరిగిన ప్రయోగం దేశంలో మొదటిది. 2003 వానకాలంలో ఐసీఐసీఐ లాంబార్డ్ సంస్థ, ప్రపంచ బ్యాంకు నిపుణుల సాయంతో, కృష్ణా భీమా బ్యాంకు ద్వారా మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం పండించే 230 మంది రైతులకు వర్షపాత బీమా అమ్మింది. పంట నష్టాన్ని పొలం వెళ్లి చూడనక్కర లేదు. విత్తు నుంచి కోత దాకా కాలాన్ని దశలుగా విడదీసి, ఏ దశలో వాతావరణ కేంద్రంలోని వర్షమాపకం నిర్ణీత మట్టం కన్నా తక్కువ చూపితే ఆ మేరకు పరిహారం దానంతట అదే వస్తుంది. మధ్యవర్తి, తనిఖీ, లంచం లేవు. లోపం కూడా అందులోనే ఉంది: జిల్లా కేంద్రపు వర్షమాపకంలో వాన పడి, నలభై కిలోమీటర్ల అవతలి చెలక ఎండిపోతే రైతుకు పైసా రాదు. మండలానికో కొలమానం పెట్టాలన్న తర్వాతి ప్రయత్నాలన్నీ ఈ చిక్కు నుంచి పుట్టినవే.

2010 ఈ రంగాన్ని కుదిపిన ఏడు. మెదక్ జిల్లా నారాయణఖేడ్‌లో లాభాపేక్ష లేని సొసైటీగా పుట్టి కంపెనీగా మారిన సూక్ష్మరుణ సంస్థ ఎస్కేఎస్ ఆ ఆగస్టులో షేర్ మార్కెట్‌కెక్కింది. అదే నెలలో షికాగో షోర్‌బ్యాంకును అక్కడి నియంత్రణాధికారులు మూసివేశారు. బలవంతపు వసూళ్లు, ఆత్మహత్యల వార్తల నడుమ అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సు సూక్ష్మరుణ సంస్థల వసూళ్లను దాదాపు నిలిపివేసింది. భారతీయ సమృద్ధి ఫైనాన్స్ ఆ దెబ్బకు కోలుకోలేదు. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న కృష్ణా భీమా బ్యాంకు ఆ చట్టం పరిధిలోకి రాక బతికింది. సొమ్ము ఎంత మంచి ఉద్దేశంతో వచ్చినా, అది ఏ చట్టం కింద నమోదైన గిన్నెలో ఉందన్నది దాని ఆయుష్షును నిర్ణయించిన తీరు ఇక్కడ స్పష్టం.

మగ్గం ఉన్న ఇల్లు

ఇల్లూ ఉపాధీ ఒకటేనన్న సంగతి నేతగాని ఇంట్లో కళ్లకు కనబడుతుంది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఊళ్లలో చిటికి కట్టి రంగులద్దే ఇక్కత్ నేత. గద్వాల, నారాయణపేటల్లో అంచు చీరల నేత. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 ప్రాంతంలోనూ, గద్వాల చీరకు 2010లోనూ, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లోనూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుంట మగ్గానికి నేలలో గొయ్యి తవ్వాలి. నేసేవారు గట్టున కూర్చుని కాళ్లు గోతిలోకి చాపి పావుకోళ్లు తొక్కుతారు. వానకాలంలో ఆ గోతిలో ఊట పుడితే మగ్గం ఆగిపోతుంది. మగ్గం పక్కన కండెలు చుట్టే రాట్నం, రంగు డబ్బాలు, చిటికి కట్టే చట్రం ఉంటాయి. పేక నూలును గుండ్రటి వరసలో మేకుల చుట్టూ తిప్పే ఆసు పని ఆడవాళ్లది. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, నాలుగైదు గంటలు పడుతుంది, భుజం పట్టేస్తుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి పడే ఆ బాధ చూసి, ఏళ్ల తరబడి అప్పులతో ప్రయోగాలు చేసి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. పల్లె సృజన వంటి స్వచ్ఛంద సంస్థలు దాన్ని వెలుగులోకి తెచ్చాయి. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఏ బ్యాంకూ ఇవ్వని ప్రయోగ పెట్టుబడిని ఒక కుటుంబం మోసిన కథ అది.

560 చదరపు అడుగుల్లో రెండు పడక గదులు గీసిన నమూనా పటంలో ఈ గోతికి, ఈ ఆసుకు చోటు లేదు. కేంద్రం 1985-86లోనే నేతగాళ్లకు ఇల్లూ పనిశాలా కలిసిన పథకాన్ని తెచ్చినా సాధారణ గృహ పథకాలు ఆ పాఠాన్ని వంటపట్టించుకోలేదు. దానికి విరుగుడుగా మగ్గాలను ఇంటి నుంచి బయటికి తెచ్చి ఒక చోట చేర్చే ఆలోచన కనుముక్కుల హ్యాండ్లూమ్ పార్కు రూపం దాల్చింది. అది లాభాల్లో నడవలేక అప్పుల పాలైంది. ఇంటి పని, పిల్లల పని చూసుకుంటూ నడుమ నడుమ నేత సాగించే కుటుంబానికి రాకపోకలతో కూడిన కర్మాగారపు కొలువు పొసగకపోవడం ఆ వైఫల్యానికి ఒక ముఖ్య కారణమని భావించవచ్చు. 2017లో మొదలైన రాష్ట్ర పొదుపు పథకంలో నేతగాడు తన కూలిలో 8 శాతం దాచుకుంటే ప్రభుత్వం 16 శాతం కలుపుతుంది; గడువు తీరాక చేతికొచ్చే ఆ మొత్తం పెళ్లికో ఇంటి కప్పుకో అక్కరకొస్తుంది.

2009 అక్టోబరు తొలి వారంలో తుంగభద్ర పొంగి అలంపూర్ ప్రాంతాన్ని ముంచినప్పుడు, గద్వాల చీరలు నేసే రాజోలి నేతగాళ్లకు గోడతోపాటు మగ్గం, మగ్గం మీది పడుగు, షావుకారు ఇచ్చిన పట్టు కూడా పోయాయి. ఇల్లు కట్టిచ్చినంత మాత్రాన అటువంటి కుటుంబం నిలదొక్కుకోదు. దానికి ఇరవై ఎనిమిదేళ్ల ముందు, 1981లో, శ్రీశైలం జలాశయం కోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు 100 గ్రామాలను ఖాళీ చేయించిన తీరు దీనికి చేదు ఉదాహరణ: పరిహారం ఇంటి గోడలకు, పొలానికి లెక్కగట్టారు, నది ఒడ్డున అల్లుకున్న బతుకుదెరువుకు లెక్కలేదు.

నల్లమలలోని చెంచుల విషయం వేరే. 2023 నవంబరులో ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకం అత్యంత బలహీన ఆదివాసీ తెగలకు ఇంటికి 2 లక్షల రూపాయలు కేటాయించింది. అమ్రాబాద్ వైపు చెంచు గూడేలైన పెంటల్లోని కుటుంబాలు ఆ పరిధిలోకి వస్తాయి. కాని పెంట అభయారణ్యం లోపల ఉంటే సిమెంటు లారీ ఎంత దూరం వస్తుందన్నదీ, తేనె, చింతపండు, కుంకుడు, జిగురు సేకరించి అమ్ముకునే దారికి ఆ ఇల్లు ఎంత దగ్గరగా ఉందన్నదీ యూనిట్ ఖర్చులో రాయని అంశాలు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 2014 నుంచి పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక పనులకు వెచ్చించవలసి రావడంతో కొత్త సొమ్ము పల్లెల్లోకి వస్తున్నది. అది ఎక్కువగా బడి గదులకు, నీటి శుద్ధి యంత్రాలకు, శిక్షణ కేంద్రాలకు వెళ్తున్నది. తిరిగి వసూలై మళ్లీ తిరిగే నిధిగా దాన్ని వాడే వీలు నిబంధనల్లో తక్కువ. అందువల్ల మెట్ట ప్రాంతపు కుటుంబం ఇంటి తొలి లక్ష కోసం నేటికీ ఆశ్రయిస్తున్నది గ్రామైక్య సంఘాన్ని, పాల డబ్బును, గుంపు మేస్త్రీ అడ్వాన్సును.